ఏడో మలుపు లారీ, నాలుగు మూటల విత్తనం

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు నలభై మూడేళ్ళు పట్టింది. ఒప్పించింది ఒక పసుప్పచ్చ లారీ. ఆ లారీకి డ్రైవర్ లేడు, నంబరు లేదు, అసలు ఆ లారీయే లేదు. నా ఫోన్‌లో ఒక ఆట ఉంది, ఆ ఆటలో ఒక కొండదారి ఉంది, ఆ దారిలో ఏడో మలుపు దగ్గర అది ఎదురొస్తుంది. అంతకు మించి దానికి వేరే బతుకు లేదు. అయినా దాన్ని తిట్టినట్టు నేను ఈ జన్మలో ఎవరినీ తిట్టలేదు, మా ఆయనతో సహా.

ఆ ఆట నేను కోరి తెచ్చుకున్నది కాదు. ఉరవకొండకు కాస్త దూరంలో మా పల్లె. పద్దెనిమిదేళ్ళు ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాను. పిల్లలు తగ్గిపోయి బడి మూతబడ్డాక ఇంట్లో కూర్చున్నాను. ఇంట్లో కూర్చున్న మనిషికి మా వైపు మొదట అంటుకునే జబ్బు, ఫోన్‌లో మేఘాలు చూడడం. దేశపటం మీద నీలం మచ్చలు, ఆకుపచ్చ మచ్చలు కదులుతుంటాయి. అవి కర్ణాటక మీద బాగా దట్టంగా ఉండి, మా జిల్లా గీత దగ్గరికి వచ్చేసరికి పలచబడిపోతాయి. ఒక మధ్యాహ్నం అలా వాటినే చూస్తుంటే మధ్యలో ఒక ప్రకటన వచ్చింది. జోరువానలో కొండ మీద ఒక బస్సు పోతోంది. మూసేద్దామని నొక్కితే అది కాస్తా తెరుచుకుంది. వాన పడుతోంది కదా, కాసేపు చూద్దాం అనుకున్నాను. అంతే, చిక్కిపోయాను.

ఆటలో నేను బస్సు డ్రైవర్‌ని. కింద ఊళ్ళో జనాన్ని ఎక్కించుకుని కొండ పైన ఊళ్ళో దింపాలి. మాదేమో చదును నేల. ఇక్కడ రోడ్డు చూపు ఆనినంత మేర సూటిగా పోతుంది, ఎవరైనా భూమి ఇవ్వనని మొండికేస్తే తప్ప మలుపన్నది రాదు. అలాంటి చోట పుట్టి పెరిగి, నిజం సైకిల్ కూడా తొక్కడం రాని నేను, పద్నాలుగు మలుపుల కొండ మీద బస్సు తోలడం మొదలుపెట్టాను. ఆరు మలుపులు ఎక్కడానికి వారం పట్టింది. ఏడో మలుపులో లారీ వచ్చింది, బస్సు లోయలో పడింది. మళ్ళీ తోలాను. మళ్ళీ లారీ, మళ్ళీ లోయ.

నాకు ఒళ్ళు మండించింది లోయలో పడడం కూడా కాదు. పడ్డాక మళ్ళీ మొదటి స్టాపు దగ్గరికి పోతే, ఇప్పుడే చచ్చినవాళ్ళందరూ అవే చొక్కాలతో, అదే నవ్వుతో బస్సు కోసం నిలబడి ఉంటారు. ఒక్కడు కూడా ఏమమ్మా ఇందాక మమ్మల్ని చంపావు కదా అని అడగడు. మన తప్పును ఎవరూ అడగకపోతే మనిషికి ఎంత మంటగా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఇంక ఆ మంటంతా లారీ మీదికి పోయింది.

నా నోరు మొదట విన్నది మా అత్త. డెబ్బై దాటిన మనిషి, పగలంతా వసారాలో చాట ముందేసుకుని ఏదో ఒకటి చెరుగుతూనో, ఒలుస్తూనో ఉంటుంది. ఆమె నోటికి మా వీధిలో కోళ్ళు కూడా భయపడతాయి. మూత సరిగ్గా పడకపోతే గిన్నెను తిడుతుంది, టీవీలో వార్తలు చదివే మనిషిని తిడుతుంది, చెప్పు తెగితే చెప్పును తిడుతుంది. అలాంటి మనిషి చేతిలో చాట పక్కన పెట్టి లోపలికి వచ్చింది.

"ఎవర్నిమే అట్ల తిడతాండావు? పాలు పోసేటోన్నా?"

"కాదత్తా. లారీవాన్ని."

"లారీనా? మనింటికి లారీ యాడొచ్చింది?"

ఫోన్ చూపించాను. కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని దగ్గరగా చూసింది. అప్పుడే లారీ మలుపు తిరిగి వచ్చి నా బస్సును నెట్టేసి పోయింది.

"యా ఊరోడు వీడు?"

"ఊరు లేదత్తా. దాంట్లో మనిషే లేడు."

"మనిషి లేకపోతే నీ తిట్లు ఎవురికి ఇనపడల్లని తిడతాండావు?"

నేను బస్సును మళ్ళీ మొదటి స్టాపుకు తెచ్చుకున్నాను.

పక్కింట్లో ఒకామె ఉంది, వయసులో నాకంటే చిన్నది, ఆదివారం ప్రార్థన మానని మనిషి. గోడ అవతల నుంచి రోజూ నా కేకలు విని, ఎవడో లారీవాడు మమ్మల్ని పీడిస్తున్నాడని ఆమె అనుకుంది. మా ఆయన పొద్దున్నే గొర్రెలు తోలుకుపోతే సాయంత్రానికి గానీ రాడు. ఒంటరి ఆడవాళ్ళ ఇంటి మీదికి వస్తున్నాడన్న మాట అని ఆమె బాధ. ఒకరోజు గోడ మీద నుంచి మెల్లగా చెప్పింది.

"అక్కా, బయపడొద్దు. మొన్న ఆదివారం అందరం కూడి మీ లారీ ఆయన కోసం ప్రార్థన చేసినాము. పేరు తెలీదు గదా, లారీ అన్న అని చెప్పినాము. మనసు మారతాది ఆయనకు."

నిజం చెబుదామని నోరు తెరిచాను. ఇరవై మంది కళ్ళు మూసుకుని ఒక బొమ్మ లారీ మనసు మారాలని వేడుకున్నారని ఆమె ముఖం మీద ఎలా చెప్పను? సరేలేమ్మా, మంచిదే అన్నాను. ఆ వారం లారీ నిజంగానే కొంచెం ఎడంగా పోయినట్టు అనిపించింది. అయితే ఆ పక్కనే ఉన్న రాతిగోడకు నేనే పోయి గుద్దుకున్నాను.

మా ఆయన కోపం తెలియని మనిషి. ఆయన వైద్యం ఆయన చేశాడు. రెండు పొట్టేళ్ళు కొమ్ములాడుకుంటుంటే ఒకదాన్ని పట్టుకుని వెనక్కి తిప్పి నిలబెడతాడట, ఎదురుగా ఏమీ కనిపించకపోతే అది కాసేపటికి తన కోపం తనే మర్చిపోతుందట. ఇంటికి వచ్చి నేను కేకలు పెడుతుంటే, నా కుర్చీని నాతో సహా గోడ వైపుకు తిప్పి, కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. ఫోన్ నా చేతిలోనే ఉంది కాబట్టి లారీ కూడా నాతో పాటు గోడ వైపు తిరిగింది. ఆయనకు ఆ ముక్క తట్టలేదు.

మా అత్త దిష్టి తీసింది. నాకు కాదు, ఫోన్‌కు. ఎండుమిరపకాయలు, ఉప్పు గుప్పిట్లో పట్టుకుని ఫోన్ చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటుకు ముగ్గురం దగ్గి దగ్గి బయటికి పరిగెత్తాం. పక్కింటామె నీళ్ళ చెంబుతో వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ ఆట తెరిచి చూస్తే, ఏడో మలుపులో లారీ ఎప్పటిలాగే వచ్చింది.

చివరికి ఒకరోజు ఫోన్ విసిరేశాను. అదృష్టం కొద్దీ అది మా అత్త ముందున్న వేరుశనగ కాయల కుప్పలో పడింది. ఆమె కుప్పలో చెయ్యి పెట్టి ఫోన్ తీసి, కొంగుతో మట్టి తుడిచి, నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, ఆలోచించింది.

"నీ కోపం నోట్లో లేదుమే, చేతుల్లో ఉండాది. నోరు ఎంత తిట్టినా తగ్గల్యా సూడు. చేతులకు పని పెట్టల్ల. బస్సు పడినప్పుడల్లా వచ్చి ఒక చాట శెనక్కాయలు ఒలువు. అది ఒలిచినంకనే మళ్ళా ఆట."

వసారాలో ఒక మూట తిండి కాయలు ఉన్నాయి, పచ్చడికీ నూనెకూ. ఆ మూట మీద నా వైద్యం మొదలైంది. ఒకసారి బస్సు పడితే ఒక చాట. కాయ మూతి బొటనవేలితో నొక్కితే టప్పున విడిపోతుంది. మొదటి పిడికెడు లారీ మీదున్నంత కోపంతో నొక్కేదాన్ని, పప్పు కూడా బద్దలయ్యేది. చాట సగం అయ్యేసరికి చెయ్యి నెమ్మదించేది. చివరి పిడికెడు పప్పు ఎర్రటి పొర కూడా చిరగకుండా, ముత్యాల్లా వచ్చేది. సాయంత్రం మా అత్త చాటలో చెయ్యి పెట్టి చూసి, "ఈ దినం బాగా మండినట్టుండావే, అన్నీ బద్దలే" అనేది. మరోరోజు, "ఈ చాట బాగుండాది. ఏమి, లారీ రాలేదా?" అనేది. నా కోపాన్ని అంత సూటిగా చదివినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆ రోజుల్లో మేమిద్దరం వసారాలో పక్కపక్కన కూర్చుని ఒలుస్తుంటే, పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఎన్నడూ లేనంత దగ్గరగా అనిపించింది. ఆమెను నేను అప్పుడు నిజంగా ప్రేమించాను.

అప్పుడే ముదిగుబ్బలో ఉన్న మా ఆడబిడ్డ గొర్రెల దొడ్డిలో కాలు జారి పడింది. కాలు విరిగింది. నాలుగు రోజుల్లో వస్తానని చెప్పి మా అత్త బస్సెక్కింది. ఇరవై ఆరు రోజులకు గానీ రాలేదు.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం వీధిలో కాకి కూడా తిరగదు. ఇంట్లో నేను, ఫోన్, లారీ. అడ్డుకునే మనిషి లేదు కానీ ఆమె పెట్టిన నియమం ఉంది, దాన్ని మాత్రం నేను తప్పలేదు. పడడం, ఒలవడం, మళ్ళీ పడడం. అయిదు రోజులకు తిండి కాయల మూట అడుగు కనిపించింది. ఆ రోజే మొదటిసారి ఎనిమిదో మలుపు దాకా పోయాను. లారీని తప్పించుకున్నానన్న సంతోషంలో బస్సును నేనే తిన్నగా లోయలోకి తోలాను. అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే ఈసారి తిట్టడానికి లారీ కూడా లేదు. ఒలవడానికి కాయల్లేవు. లోపలి గదిలోకి పోయాను.

లోపలి గదిలో చెక్క బల్ల మీద నాలుగు మూటలు ఉన్నాయి. వాటిలో వేపాకు వేసి, మూతులు ఎర్ర దారంతో కుట్టి ఉంటాయి. ఆ ఎర్ర దారం మా అత్త గుర్తు, విత్తనం అని. నేను దాన్ని చూడలేదని చెప్పను. చూశాను. ఒక్క క్షణం ఆగి, విత్తనమైనా ఒలవాల్సిందే కదా, ముందుగా అయిపోతే మంచిదే కదా అనుకున్నాను. బడిలో సెలవులకు ముందే సిలబస్ ముగించే టీచర్‌ను నేను. దారం పళ్ళతో తెంపాను.

నేను పుట్టింది బుక్కరాయసముద్రం చెరువు కింద, నీళ్ళు పారే పొలాల్లో. మెట్ట సేద్యం గురించి నాకు తెలిసింది తక్కువ. పెళ్ళయ్యాక కూడా విత్తనాల వేళకు బడి ఉండేది, ఆ పనంతా అత్త చేతుల మీదుగా జరిగిపోయేది. ఏటా ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి పది రోజులు ఒలిచే కాయల్ని ఆ ఎండల్లో నేనొక్కదాన్నే ఒలిచేశాను. పక్కింటామె ఖాళీ ఉన్నప్పుడు వచ్చి ఒక చెయ్యి వేసేది. లారీ ఆయన ఈ మధ్య వస్తున్నాడా అని అడిగేది. రోజూ వస్తున్నాడు అని చెప్పేదాన్ని. మా ఆయన సాయంత్రాలు పప్పు రాశిని చూసేవాడు, అమ్మ ఫోన్‌లో చెప్పి చేయిస్తోందని అనుకున్నాడు. అడగలేదు. కోపం లేని మనుషులతో ఇదే చిక్కు, వాళ్ళు ఏదీ అడగరు.

మా అత్త వచ్చిన రోజు నేను వాకిట్లోనే ఎదురుపోయాను. మెచ్చుకుంటుందని గట్టి ఆశ.

"అత్తా, ఈ ఏడాది ఒలిచేదానికి మనుషుల్ని పిలవాల్సిన పన్లేదు. అంతా అయిపోయింది."

ఆమె చేతిసంచీ దించకుండానే లోపలి గదిలోకి పోయింది. గుడ్డ కప్పిన గంపల్లో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసింది. వాసన చూసింది.

"దారాలు ఎవురు తెంపినారు?"

"నేనే."

"నాలుగూనా?"

"నాలుగూ."

ఆమె ఆ పిడికెడు పప్పును జాగ్రత్తగా గంపలోనే వదిలి, మంచం మీద కూర్చుంది. సాయంత్రం మా ఆయన వచ్చి తల్లి ముఖం చూసి, "అమ్మా, నువ్వే చెప్పి చేయిస్తాండావనుకుంటి" అన్నాడు. తర్వాత నాకు అంతా వివరించింది ఆయనే. వేరుశనగ విత్తనానికి పైతొక్కే ఇల్లు. తొక్కలో ఉన్నన్నాళ్ళు ఎన్ని నెలలైనా భద్రం. ఒలిచాక ఆ ఎండకు పప్పు ఎండిపోతుంది, పొర ఊడుతుంది, పురుగు పడుతుంది. అందుకే భూమి పదునయ్యే వాన ఇవ్వాళో రేపో అన్నట్టుండగా, పది రోజుల ముందు ఒలుస్తారు. అప్పటికి రోహిణి కార్తె కూడా రాలేదు.

ఆ విత్తనం కొట్లో దొరికేది కాదు. కొన్నేళ్ళ కింద ఊరంతా పైరు మాడిపోయిన ఏడు, మా చేలో ఒక మూల మాత్రం పచ్చగా నిలబడింది. మా అత్త ఆ మూలలో ఒక్కొక్క చెట్టూ ఏరి, కాయలు తెంపి విడిగా దాచింది. మరుసటి ఏడు వాటిలోనూ బలమైనవి ఏరింది. అలా ఏరి ఏరి పెంచుకున్న రెండెకరాల విత్తనం అది. మొలవకపోతే మళ్ళీ అలాంటిది రాదు. ఇంకోసారి మొదలుపెట్టడానికి ఆమెకు ఆ వయసు లేదు.

ఆమె నన్ను తిట్టలేదు. నాకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. కోళ్ళను తిట్టే మనిషి, గిన్నె మూతను తిట్టే మనిషి నన్ను ఒక్క మాట అనలేదు. అసలు ఇంట్లో దేన్నీ తిట్టడం మానేసింది. కోళ్ళు ధైర్యంగా వసారా ఎక్కి తిరగసాగాయి. పప్పులో బూడిద, వేపాకు కలిపి నీడలో కుండల్లో పోసింది. వారానికోసారి ఇరవై గింజలు లెక్కపెట్టి, తడిగోనెలో చుట్టి, నీళ్ళ కుండ పక్కన పెట్టేది. ఎన్ని మొలక వేస్తాయో చూడడానికి. మొదటి వారం పద్దెనిమిది మొలిచాయి. తర్వాతి వారం పదహారు. గోనె విప్పి, లెక్కపెట్టి, నాకు వినబడేలా సంఖ్య ఒక్కటే చెప్పి లేచి పోయేది. నేను ఫోన్ ముట్టడం మానేశాను.

కోపం మాత్రం మానలేదు. మృగశిర వచ్చింది, ఎండ తగ్గలేదు. పడమటి దిక్కున రోజూ మబ్బు కమ్మేది, గాలి లేచేది, మబ్బు చెదిరిపోయేది. ఒక సాయంత్రం అలాగే చెదిరిపోతుంటే వాకిట్లో నిలబడి ఆకాశం వైపు చెయ్యెత్తి మొదలుపెట్టాను. రెండో మాట రాకముందే మా అత్త వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వానను తిట్టొద్దు. అలుగుతాది."

ఊరు నుంచి వచ్చిన రోజు తర్వాత, మొలకల లెక్క కాకుండా ఆమె నాతో అన్న మొదటి మాట అది. అప్పుడు నాకొకటి తెలిసొచ్చింది. మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ వానను తిట్టలేదు. ఏ ఏడాది ఎంత మాడ్చినా, వస్తాదిలే, రావాల్లే అనే తప్ప పరుషంగా ఒక్క మాట రాదు. ఆ మింగిన కోపం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. ఊళ్ళో ఒకడు గట్టు జానెడు జరిగిందని అన్నదమ్ముడితో మాట మానేశాడు. ఒకడు టీ చల్లగా ఉందని హోటలాయనతో కలబడ్డాడు. మా అత్త గిన్నెల్ని తిట్టేది. నాకు లారీ దొరికింది. అందరం ఒకే కోపాన్ని వేరువేరు చోట్ల దించుకుంటున్నాం, అంతే. ఇంత తెలిసినా నా కోపం రవ్వంత తగ్గలేదు, అది వేరే సంగతి.

మూడో వారం పద్నాలుగు మొలిచాయి. ఆ మధ్యాహ్నం ఆమె గోనె మడిచి పెట్టి, నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"ఆ ఫోన్ ఇట్లియ్యి. నీ లారీవాన్ని చూపీ."

ఆరు మలుపులు నేనే తోలి, ఏడో మలుపు ముందు బస్సు ఆపి, ఫోన్ ఆమె చేతికిచ్చాను. ఎడమ వేలు ఎక్కడ, కుడి వేలు ఎక్కడ అని చూపించాను. ఆమె బస్సు కదిలించలేదు. అద్దం మీద వాన కారుతోంది, వైపర్ అటూ ఇటూ ఆడుతోంది. చాలాసేపు దాన్నే చూసింది.

"ఎంత వాన పడతాందే. ఈ నీళ్ళన్నీ యాడికి పోతాయి?"

"లోయలోకి అత్తా."

"చెరువు కట్టుకోలేదా వీళ్ళు?"

లేదన్నాను. ఛీ అని బస్సు కదిలించింది. లారీ వచ్చింది. బస్సు లోయలో పడింది. ఆమె ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, గొంతు ఎత్తింది.

"నీ కండ్లు యాడ పెట్టుకున్నావురా? ఎర్ర దారం కనపడల్యా నీకు? ఇరవై ఏండ్లు ఆ ఇంట్లో తింటివే, తినే కాయ ఏదో ఇత్తనం కాయ ఏదో తెలీదా? ఒక్కొక్క చెట్టు ఏరి ఏరి పెట్టుకుంటినిరా. నడుము ఇరిగిపోయినా ఇడిసిపెట్టల్యా. మొగుడు పోయిన ఏడు గూడా, కర్మంతరం అయినంక చేనికే పోయినాను, ఆ ఇత్తనం కోసరం. నాలుగు దినాలు ఊరికి పోతే, పండ్లతో తెంపుతావా దారం? సదువుకున్నదానివని చెప్పుకుంటే నాకే సిగ్గాయ. అడిగినావా నన్ను? ఫోను చేతిలోనే ఉండ్య గదా, ఒక మాట అడగల్లని తోచల్యా?"

లారీ ఎప్పుడో కొండ దిగి వెళ్ళిపోయింది. బస్సు లోయలో తలకిందులుగా ఉంది, దాని మీద వాన పడుతూనే ఉంది. నేను తల దించుకుని నిలబడ్డాను. ప్రతి మాటా నాకే తగులుతోంది, తగలాలనే ఆమె అంటోంది, అయినా నా ముఖం చూడకుండా లారీనే చూస్తోంది. గోడ మీద పక్కింటామె తల కనిపించింది.

"అవ్వా, లారీ ఆయన మళ్ళా వచ్చినాడా?"

"వచ్చినాడు," అంది మా అత్త. ఫోన్ నా ఒళ్ళో పడేసి, లోపలికి పోయి పడుకుంది.

ఏదైనా ఒలుద్దామని లేచాను. ఇల్లంతా వెతికినా తొక్కతో ఉన్న కాయ ఒక్కటి లేదు.

ఆరుద్రలో వాన వచ్చింది. రెండు గంటలు ఆగకుండా పడింది, నేల జానెడు లోతు తడిసింది. ఆ పొద్దుటి గోనెలో మొలిచినవి ఇరవైకి పన్నెండు. మా అత్త లెక్క వేసింది. రెండెకరాలకు చల్లితే అంతా పలచనై పాడవుతుంది, ఒక్క ఎకరంలోనే ఒత్తుగా వేద్దాం, రెండో ఎకరానికి తర్వాత ఉలవలు చూసుకుందాం అంది. గొర్రు వెనక నడుస్తూ విత్తనం వదిలే పని ఎప్పుడూ ఆమెదే. ఆ రోజూ ఆమెదే. నేను గంప మోస్తూ పక్కన నడిచాను. ఆమె గింజలు అడిగినప్పుడు అందించాను. ఒక గిన్నెడు గింజలు మాత్రం ఆమె పక్కన పెట్టింది.

పదకొండో రోజు నన్ను వెంటబెట్టుకుని చేనికి పోయింది. మొలకలు వచ్చాయి, కానీ సాలు పొడవునా సందులు. రెండు మొలకలు, ఖాళీ, నాలుగు మొలకలు, ఖాళీ. ఆ ఖాళీల్లో మళ్ళీ గింజ పెట్టాలి. గిన్నె నా చేతికిచ్చింది. తను ముందు నడిచింది. మొదటి సందు దగ్గర ఆగి, కర్రతో చూపించి, తిరిగి నా ముఖంలోకి చూసింది.

"చూడు. ఇది నీ పనే. పెట్టు."

వంగి పెట్టాను. రెండో సందు దగ్గర ఆగింది.

"ఇదీ నీదే. లెక్కలు చెప్పే పంతులమ్మవంట. ఎంచు ఎన్ని బోయినాయో."

మూడో సందు దగ్గర నా తల్లిదండ్రులు నన్ను పెంచిన తీరు గురించి చెప్పింది. నాలుగో సందు దగ్గర నా వంట గురించి. అయిదో సందు పెద్దది, అక్కడ చాలాసేపు నిలబడి తిట్టింది. ఫోన్ లేదు, లారీ లేదు, నా ముఖం చూసే తిడుతోంది. గొంతు ఎప్పటిలా ఉంది. పక్క చేలో వాళ్ళు పని ఆపి చూస్తున్నారు. నాకు సిగ్గు వేయలేదు. నెలన్నర తర్వాత నా మనిషి నాకు దొరికినట్టు, ఏడుపు వచ్చేంత సంతోషం వేసింది. ఒక్కొక్క తిట్టుకు ఒక్కొక్క గింజ పెట్టుకుంటూ ఆమె వెనకే నడిచాను.

ఆరో సాలు చివర ఒక సందు దగ్గర ఆమె ఆగింది. తిట్టు కోసం ఎదురుచూశాను. రాలేదు. కర్ర పక్కన పెట్టి, గిన్నెలో నుంచి రెండు గింజలు తీసుకుంది.

"ఇది నాది," అంది. "ఒలువు అని చెప్పినదాన్ని, యాది ఒలవగూడదో చెప్పకుండా పోయినాను."

నడుము పట్టుకుని మెల్లగా వంగి, వేలితో గుంత చేసి గింజలు పెట్టి, మట్టి కప్పింది. లేవబోతే చెయ్యి అందించాను. పట్టుకుని లేచింది. తర్వాతి సందు దగ్గర మళ్ళీ నన్నే తిట్టింది.